పొట్టిదేదో అదే: ఒక లక్షణ వాక్యం కథ



ఛందస్సూ వ్యాకరణమూ తప్ప మరొకటి ఎరుగని ఈ తెలుగు పంతులు దశాంశ బిందువు జోలికి ఎందుకు పోయాడా అని మీరు నవ్వుకోవచ్చును. కారణం మా చిన్నమ్మాయి. పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం ఆమె పైథాన్ భాష మీద తెలుగులో కొన్ని పాఠాలు రాసి, భాష దిద్దిపెట్టమని నాకు పంపింది. విషయం నాకు పట్టదు కనుక వత్తులూ దీర్ఘాలూ చూసుకుంటూ పోతున్నాను. ఒక వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. దశాంశ సంఖ్యను అచ్చువేసే పద్ధతులలో ఒకదానిని గురించి ఆమె రాసిన మాటల సారాంశం ఇది: సంఖ్యను రాయడానికి సాధారణ రూపం, ఘాతరూపం అని రెండున్నాయి, 'జీ' అనే గుర్తు వాడితే ఆ రెండింటిలో ఏది పొట్టిదైతే అది వస్తుంది.

ఫోను చేసి, "అమ్మా, పొట్టిది అంటే ఎన్ని అక్షరాలు?" అని అడిగాను.

"పుస్తకంలో అలాగే ఉంది నాన్నా. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు," అన్నది.

గణాలు లెక్కపెట్టి బతికినవాణ్ణి కదా, నేను లెక్కపెట్టాను. ఆ లెక్క నన్ను ఎక్కడెక్కడికో తీసుకొనిపోయింది. ఆ ప్రయాణమే ఈ వ్యాసం.

ముందుగా పరిభాష. 1234567 అని రాయడం సాధారణ రూపం. అదే సంఖ్యను 1.234567 అని రాసి, దానిని 10 యొక్క 6వ ఘాతంతో గుణించమని చెప్పడం ఘాతరూపం. యంత్రం దానిని 1.234567'ఈ'+06 అని అచ్చువేస్తుంది. తెరపై ఆంగ్లాక్షరంగా కనబడే ఆ 'ఈ'ని నేనిక్కడ తెలుగులోనే రాస్తున్నాను. బిందువు తన చోటు వదలి కావలసిన చోటికి తేలిపోతుంది గనుక ఇటువంటి సంఖ్యలను ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలు అన్నారు.

1941లో బెర్లిన్ నగరంలో కొన్రాడ్ త్సూజె నిర్మించిన జడ్-3 యంత్రం ఈ తేలే బిందువుతోనే లెక్కలు చేసింది. లోపల లెక్క అంతా సున్నా, ఒకటి అనే రెండే అంకెలతో. మనిషి మీటలు నొక్కేదీ, దీపాల మీద చదువుకొనేదీ మాత్రం పది అంకెల దశాంశ పద్ధతిలో. లోపలి భాష వేరు, వెలుపలి భాష వేరు. ఈ రెండింటి నడుమ ఒక అనువాదకుడు ఉండక తప్పదు. అనువాదకుడు ఉన్న చోటల్లా అర్థభేదం కూడా ఉంటుంది. మన కథ అంతా ఆ అనువాదకుని గురించే.

1957లో జాన్ బాకస్ బృందం ఐబీఎం 704 యంత్రం కోసం ఫోర్ట్రాన్ భాషను వెలువరించింది. అందులో సంఖ్యను ఏ రూపంలో అచ్చువేయాలో చెప్పడానికి ప్రత్యేకమైన వాక్యం ఉన్నది. 'ఎఫ్' అంటే సాధారణ రూపం, 'ఈ' అంటే ఘాతరూపం. మొత్తం ఎన్ని గళ్ళు, బిందువు తరువాత ఎన్ని అంకెలు అన్నది రాసేవాడే నిర్ణయించాలి. 1966 నాటి ఫోర్ట్రాన్ ప్రమాణంలో 'జీ' అనే మూడవ గుర్తు కనబడుతుంది. సంఖ్య పరిమాణాన్ని చూసి రెండు రూపాలలో ఒకదానిని యంత్రమే ఎన్నుకొంటుంది. ఏ పరిమాణానికి ఏ రూపమో ఆ ప్రమాణం పట్టికగా ఇచ్చింది. సంఖ్య 0.1 కంటే తక్కువ కాకుండా, అడిగినన్ని అంకెలలో ఇమిడేటట్లయితే సాధారణ రూపం, లేకుంటే ఘాతరూపం. సందేహానికి తావులేదు. తరువాతి ఫోర్ట్రాన్ 77 ప్రమాణం మరొక మంచి నియమం పెట్టింది. ఇచ్చిన గళ్ళలో సంఖ్య పట్టకపోతే, తెగిన సంఖ్యను అచ్చువేయకుండా గళ్ళనిండా నక్షత్రపు గుర్తులు పెట్టమన్నది. తప్పు చెప్పడం కంటే చెప్పలేనని ఒప్పుకోవడం మేలని ఆ నియమం చేసినవారికి తెలుసు.

ఇక 1978. బ్రయన్ కెర్నిహాన్, డెన్నిస్ రిచీ కలిసి సీ భాష మీద రాసిన పుస్తకం వెలువడింది. చిన్న పుస్తకం, బిగువైన శైలి. సూత్రకారుని పొదుపు ఆ రచనలో కనబడుతుంది. కాని 'జీ' గుర్తు దగ్గర ఆ పొదుపు కొంచెం హద్దు దాటింది. సాధారణ రూపం, ఘాతరూపాలలో పొట్టిదానిని వాడమని, అక్కరలేని సున్నాలు అచ్చుకావని ఒక్క మాటలో ముగించారు. వినడానికి ఎంతో ఇంపైన మాట. మా అమ్మాయి పాఠంలోకి వచ్చి చేరింది ఆ మాటే.

పదకొండేళ్ళ తరువాత, 1989లో, సీ భాషకు అమెరికా జాతీయ ప్రమాణం ఏర్పడింది. అందులో 'పొట్టిది' అనే మాట లేదు. ఘాతాంకం -4 కంటే తక్కువైనా, అడిగిన సార్థకాంకాల సంఖ్యకు సమానమైనా, దానిని మించినా ఘాతరూపం; మిగిలిన సందర్భాలలో సాధారణ రూపం. ఎన్ని అంకెలో అడగకపోతే ఆరు. కెర్నిహాన్, రిచీలు కూడా 1988లో వచ్చిన తమ రెండవ ముద్రణలో ఈ హద్దులనే చెప్పారు.

ఇప్పుడు మా అమ్మాయి వాక్యాన్ని ఈ నియమం పక్కన పెట్టి చూడండి. పైథాన్ భాషలోని 'జీ' కూడా సీ భాష బాటలోనే నడుస్తుంది కనుక నేను యంత్రం మీదనే వేసి చూశాను.

100000 అనే సంఖ్య. సాధారణ రూపంలో ఆరు అక్షరాలు. ఘాతరూపంలో 1'ఈ'+05, అంటే ఐదు అక్షరాలు. పొట్టిది ఘాతరూపం. యంత్రం అచ్చువేసింది 100000.

0.0001 అనే సంఖ్య. సాధారణ రూపంలో బిందువుతో కలిపి ఆరు అక్షరాలు. ఘాతరూపంలో 1'ఈ'-04, ఐదే. యంత్రం అచ్చువేసింది 0.0001.

1234567 అనే సంఖ్య. ఉన్నదున్నట్లు రాస్తే ఏడు అక్షరాలు. యంత్రం అచ్చువేసింది 1.23457'ఈ'+06. పదకొండు అక్షరాలు. పైగా చివరి అంకె పోయింది!

తర్కశాస్త్రంలో లక్షణానికి మూడు దోషాలు చెబుతారు: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. ఆవు అంటే కపిల వర్ణం గలది అన్నామనుకోండి, తెల్లావు బయట ఉండిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములు గలది అంటే గేదె కూడా లోపలికి వస్తుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట గలది అంటే ఏ ఆవుకూ వర్తించదు, అది అసంభవం. 'పొట్టిదేదో అది' అనే లక్షణానికి మొదటి రెండు దోషాలూ ఉన్నాయి. 100000, 0.0001 అనే వాటిని ఘాతరూపంలోకి లాగుతున్నది గనుక అతివ్యాప్తి. 1234567 ను ఘాతరూపానికి అందకుండా వదిలివేస్తున్నది గనుక అవ్యాప్తి.

అయితే అసలు నియమం ఆ హద్దులనే ఎందుకు పెట్టుకొన్నది? పై హద్దుకు నాకు తోచిన సమాధానం ఇది. ఆరు సార్థకాంకాలే అడిగినప్పుడు 1234567 ను సాధారణ రూపంలో రాయాలంటే 1234570 అని రాయవలసి వస్తుంది. ఆ చివరి సున్నా చూసేవాడికి నిజమైన అంకెలా కనబడుతుంది. అది నిజం కాదు, ఖాళీ పూడ్చడానికి పెట్టినది. ఘాతరూపంలో ఆ దొంగ సున్నాకు చోటుండదు. అంటే నియమం చూస్తున్నది అక్షరాల పొదుపును కాదు, అంకెల నిజాయితీని. కింది హద్దులోని -4 మాత్రం చదువరి కంటికి అనువుగా గీసిన గీత అనుకొంటాను. ఎక్కడో ఒకచోట గీత గీయవలసిందే కదా.

ఇంత నిర్దుష్టమైన 1989 నాటి సూత్రంలో కూడా ఒక సందు ఉన్నది. ఘాతాంకం అన్నారు సరే, ఎప్పటి ఘాతాంకం? 999999.6 ను తీసుకోండి. ఉన్న సంఖ్యకు ఘాతాంకం 5. ఆరు సార్థకాంకాలకు సవరించగానే అది 1000000 అవుతుంది, ఘాతాంకం 6. మొదటిదాన్ని పట్టుకొంటే సాధారణ రూపం, రెండవదాన్ని పట్టుకొంటే ఘాతరూపం. సూత్రంలోని మాటలను శ్రద్ధగా అన్వయించుకొంటే రెండవదే సరి అని తేలుతుంది. కాని తొందరలో చదివేవానికి తట్టదు. 2011 నాటి సీ ప్రమాణంలో ఈ పాఠం మారి కనబడుతుంది. సార్థకాంకాల సంఖ్యకు ఒక అక్షరం, ఘాతాంకానికి ఒక అక్షరం పేరుగా పెట్టి, ఘాతరూపంలో రాసి ఉంటే ఏ ఘాతాంకం వచ్చేదో దానినే చూడమని విడమరచి చెప్పారు. నియమం మారలేదు, వాక్యం మారింది. ఆ ఒక్క వాక్యం తేటపడడానికి ఎంతకాలం పట్టిందో చూడండి.

మన వ్యాకరణ చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అందులో చెప్పక మిగిలినవాటిని చెప్పడానికి బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రౌఢవ్యాకరణం వెలువరించవలసి వచ్చింది. అయినా సూరిగారు ఒక జాగ్రత్త పడ్డారు. కార్యం ఒకచోట జరిగి మరొకచోట జరగకపోతే 'బహుళం' అని బాహాటంగా చెప్పారు. ఇక్కడ నియమం నిలకడగా ఉండదు సుమా అని విద్యార్థికి హెచ్చరిక. 'పొట్టిదేదో అది' అనే వాక్యంలో ఆ హెచ్చరిక లేదు. అది నియమంలా నటిస్తుంది. అందుకే ఆ మాట చాలా దూరం పాకింది. పీహెచ్‌పీ భాష వివరణ గ్రంథంలో కూడా 'జీ'కి చాలాకాలం అదే అర్థం చెప్పారు.

పైథాన్ సంగతి మరొక రకం. 2008లో వచ్చిన 2.6 సంచికతో సంఖ్యలను తీర్చి రాసే కొత్త పద్ధతి ఒకటి ప్రవేశించింది. దాని వివరణలో 'జీ' గురించి, సంఖ్య మరీ పెద్దదైతే తప్ప సాధారణ రూపమే వస్తుందన్న అర్థంలో రాశారు. పెద్ద సంఖ్యల మాట సరే, మరీ చిన్న సంఖ్యల గతి ఏమిటి? 0.00001 కూడా 1'ఈ'-05 అవుతుంది కదా. ఇది శుద్ధమైన అవ్యాప్తి. తరువాతి సంచికల వివరణలో ఆ లోపం తీరింది. ముందు సవరించు, ఘాతాంకం చూడు, -4 నుండి సార్థకాంకాల సంఖ్య లోపు ఉన్నదా అని అడుగు అంటూ అంచెలంచెలుగా చెప్పారు. చదివినప్పుడు నాకు మంచి వ్యాఖ్యాత చేసిన ప్రతిపదార్థం చదివినట్లే ఉన్నది.

'పొట్టిది' అనే మాటకు ఇంత నింద వేశాను గనుక, అదే మాట గౌరవం పొందిన సందర్భం కూడా చెప్పాలి.

1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం, విలియం కహాన్ ముఖ్య శిల్పిగా, తేలే బిందువు సంఖ్యలను యంత్రంలో ఎలా దాచాలో స్థిరపరచింది. దాని ప్రకారం 64 ద్వ్యంకాల సంఖ్యలో 53 ద్వ్యంకాల సూక్ష్మత ఉంటుంది. పదింట ఒక వంతును రెండంకెల పద్ధతిలో ముగించి రాయడం అసాధ్యం. మనం మూడింట ఒక వంతును 0.333 అని రాస్తూ పోయినట్లే అదీ అంతులేకుండా పోతుంది. అందుచేత 0.1 అని మనం రాస్తే యంత్రం దాచుకొనేది 36028797018963968 లో 3602879701896397 వంతులు. అది 0.1 కంటే లేశమాత్రం పెద్దది. ఇటువంటి సంఖ్య దేనినైనా పదిహేడు సార్థకాంకాలతో రాస్తే, తిరిగి చదివినప్పుడు సరిగ్గా అదే సంఖ్య వస్తుందని నిరూపితమైన విషయం. అందుకని పాత పైథాన్, 0.1 అని రాసి చూపమంటే, పదిహేడు అంకెలతో 0.10000000000000001 అని చూపేది. పిల్లలు బెదిరిపోయేవారు. టిమ్ పీటర్స్ పైథాన్ పాఠ్యగ్రంథంలో ఒక అధ్యాయమంతా ఈ బెదురు తీర్చడానికే రాశారు.

1990లో గై స్టీల్, జాన్ వైట్ కలిసి తేలే బిందువు సంఖ్యలను తప్పులేకుండా అచ్చువేయడం గురించి ఒక పత్రం ప్రకటించారు. అదే సభలో విలియం క్లింగర్ వాటిని తప్పులేకుండా చదవడం గురించి మరొక పత్రం సమర్పించారు. ఆ ఏడే డేవిడ్ గే బెల్ ప్రయోగశాలలో ఈ రెండు పనులకూ పనికివచ్చే పద్ధతి రాశారు. స్టీల్, వైట్‌ల ఆలోచన సారం ఇది: తిరిగి చదివితే అదే సంఖ్య రావాలి, ఆ షరతుకు నిలిచే రూపాలలో పొట్టిదానిని ఎన్నుకో. 2009లో వచ్చిన పైథాన్ 3.1 లో మార్క్ డికిన్సన్, ఎరిక్ స్మిత్ ఈ దారినే, గే రాసిన పద్ధతి ఆధారంగా ప్రవేశపెట్టారు. అప్పటినుండి 0.1 ను 0.1 గానే చూస్తున్నాము. లోపలి సంఖ్య మారలేదు. అనువాదకుడు నేర్పరి అయినాడు.

మాట అదే, 'పొట్టిది'. కాని ఇక్కడ దేనిలో పొట్టిది, ఏ షరతు మీద పొట్టిది అని చెప్పారు. షరతు చేరగానే ఇంపైన మాట లక్షణం అయింది.

జావా భాషలో ఇందుకు విరుద్ధమైన కథ జరిగింది. అక్కడ వివరణ గ్రంథం, సంఖ్యను పొరుగు సంఖ్యల నుండి వేరుచేసి గుర్తించడానికి కావలసినన్ని అంకెలే రాస్తామన్నది. యంత్రం మాత్రం కొన్ని సంఖ్యలకు అవసరానికి మించిన అంకెలు రాసేది. లక్షణం ఒకటి, లక్ష్యం మరొకటి. 2022లో వచ్చిన 19వ సంచికలో రెండింటినీ చక్కదిద్దారు. వివరణను బిగించారు, దానికి సరిపడేటట్లు అచ్చువేసే పద్ధతినీ మార్చారు. లక్ష్యాన్ని బట్టి లక్షణమా, లక్షణాన్ని బట్టి లక్ష్యమా అని మన పండితులు తరతరాలుగా వాదించుకొన్నారు. వారు రెండు చేతులా పని చేశారు.

ఈ పాటికి మీలో కొందరు, ఒక వాక్యం కోసం ఇంత రభసా పంతులుగారూ అని అనుకొంటూ ఉంటారు. నా రభసకు వేరే కారణం ఉన్నది. చెప్పుకోవడం సులభం కాదు.

1996లో నేను తరగతి ఉపాధ్యాయునిగా ఉన్నప్పుడు, మా బడికి మార్కుల పట్టికలు మొదటిసారి కంప్యూటరు మీద అచ్చయి వచ్చాయి. ఒక ఉపకార వేతనానికి మూడు పరీక్షల సగటు నూటికి 60 ఉండాలి. నా తరగతిలో ఒక చేనేత కార్మికుని కొడుకు ఉండేవాడు. పట్టికలో అతని పేరు ఎదుట 60 అని స్పష్టంగా ఉన్నది. తండ్రి వచ్చి అడిగితే, "వచ్చేసింది పొమ్మన్నాను కదా, నిశ్చింతగా ఉండు," అన్నాను. ఆ మాట నమ్మి అతను మరొకచోట కట్టవలసిన దరఖాస్తు గడువు వదులుకొన్నాడు. జాబితా వచ్చింది. అందులో పిల్లవాడి పేరు లేదు.

ఆ రాత్రి మూడు పరీక్షల మార్కులూ చేత్తో కూడాను. 1800కు 1079. అంటే 59.94. ఒక్క మార్కు తక్కువ. నాకు వచ్చిన పట్టిక దశాంశాలు లేకుండా సవరించి అచ్చువేసినది. ఎంపిక చేసినవారు చూసినది అసలు సంఖ్యను. ఎవరూ అబద్ధం ఆడలేదు. యంత్రం లెక్క తప్పలేదు. దగ్గరి పూర్ణాంకానికి సవరించడమైనది అన్న ఒక్క వాక్యం ఆ కాగితం అడుగున లేదు, అంతే.

మర్నాడు ఆ తండ్రి పట్టిక నకలు పట్టుకొని వచ్చాడు. "పంతులుగారూ, కాగితం మీద అరవై ఉంది గదండీ," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. అంకెల వెనుక అంకెలుంటాయని నాకే తెలియనప్పుడు అతనికి ఏమి చెప్పగలను? మార్కులు చేత్తో కూడిచూడవలసింది నేను. కాగితం మీద నెపం పెట్టి తప్పుకోలేను. కాని ఆ వాక్యం ఉండి ఉంటే నేను కూడి చూసేవాణ్ణి.

అందువల్ల, మా అమ్మాయి పాఠాన్ని వత్తులు దిద్ది పంపలేకపోయాను. ఆ వాక్యం కొట్టివేసి ఇలా రాశాను:

'జీ' గుర్తు వాడినప్పుడు యంత్రం ముందుగా సంఖ్యను మనం అడిగినన్ని సార్థకాంకాలకు సవరిస్తుంది. అడగకపోతే ఆరు; సున్నా అని అడిగితే ఒకటి. సవరించిన తరువాత దాని ఘాతాంకం చూస్తుంది. ఆ ఘాతాంకం -4 గాని అంతకు పైన గాని ఉండి, సార్థకాంకాల సంఖ్య కంటే తక్కువైతే సాధారణ రూపం, కాకుంటే ఘాతరూపం. బిందువు తరువాత చివర మిగిలే సున్నాలు రాయబడవు. తెరపై కనబడేది సవరించిన రూపమే. యంత్రంలో ఉన్న సంఖ్య వేరు కావచ్చు.

దాని కింద 100000, 0.0001, 1234567, 999999.6 అనే నాలుగు ఉదాహరణలూ పెట్టాను. అమ్మాయి చదివి, "పొడుగైపోయింది నాన్నా," అన్నది. అయినా తీసివేయలేదు.

ఆ తరువాత ఆమే మరొక ఉదాహరణ చేర్చి పంపింది. 2.675 ను రెండు దశాంశ స్థానాలకు సవరించమంటే పైథాన్ 2.68 అనదు, 2.67 అంటుంది. యంత్రంలో ఉన్న సంఖ్య 2.67499999999999982 దగ్గరిది, 2.675 కంటే రవ్వంత తక్కువ, కనుక కిందికే దిగుతుంది. చదివిన తరువాత చాలాసేపు 1079 గుర్తుకువస్తూనే ఉన్నది.

లెక్కల విషయంలో నేను విద్యార్థినే. గణితం, కంప్యూటరు తెలిసిన మిత్రులు ఇందులో ఎక్కడైనా అవ్యాప్తి, అతివ్యాప్తి కనబడితే నిర్మొహమాటంగా తెలుపగలరు. దిద్దుకొంటాను.